కాకి ఎత్తుకుపోలేదు

దుకాణంలో ప్యాసిఫయర్ అని అడిగి కొన్నాం గానీ ఇంట్లో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. అమ్మమ్మకు అది తేనెపీక, మాకు పీక, పాపకు ఉత్త ‘పీ’. మా పాప మొదట నేర్చిన మాటల్లో అదొకటి. ఆదివారం ఆరాధనకు బయలుదేరేటప్పుడు బైబిలు, పాటల పుస్తకం, కానుక, పీక - ఈ నాలుగూ సంచిలో ఉన్నాయో లేదో చూసుకోనిదే గడప దాటేవాళ్లం కాదు. ప్రసంగం మధ్యలో పాప గొంతు లేచిందంటే ముందు వరుసల్లోని పెద్దలు వెనక్కి తిరిగి చూస్తారు. పీక నోట్లో పెడితే చాలు, ముగింపు ప్రార్థన దాకా చప్పుడుండేది కాదు. పాప కోసమే ఇస్తున్నామనుకున్నాం. నిజానికి చాలాసార్లు ఇచ్చింది మా కోసం, ఆ ముందు వరుసల వాళ్ల కోసం.

పాపకు రెండేళ్ల తొమ్మిది నెలలప్పుడు పళ్ల డాక్టరు గారు దాని చేత ‘ఈ’ అనిపించి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య ఉన్న సందు మాకు చూపించారు. నోరు పూర్తిగా మూసినా ముందు పళ్లు ఒకదాన్నొకటి తాకడం లేదు. భయపడాల్సింది లేదన్నారు. మూడేళ్లకు అటూ ఇటూగా మానేస్తే ఈ సందు చాలామంది పిల్లల్లో దానంతటదే సర్దుకుంటుందట. ఆ అలవాటు నాలుగైదేళ్ల దాకా సాగితే మాత్రం పళ్ల వరసతో పాటు దవడ ఎదుగుదల కూడా మారవచ్చని చెప్పారు. అంటే మాకు మూడు నెలల గడువు దొరికింది.

ఈ సంగతి బయటకు పొక్కగానే సలహాలకు కొదవ లేకపోయింది. వేపాకు నూరి పూయమన్నవారు కొందరు, కలబంద రసం రాయమన్నవారు కొందరు. కొసను కొద్దిగా కత్తిరిస్తే గాలి పోయి రుచి పోతుందని ఒక బంధువు చెప్పారు. డాక్టరు గారిని అడిగితే, ఆ పని అస్సలు చేయవద్దన్నారు. కత్తిరించిన రబ్బరు చిరిగి ముక్క గొంతులో అడ్డం పడితే ప్రాణానికే ముప్పు. ఇన్ని సలహాల మధ్య అమ్మమ్మ ఒక మధ్యాహ్నం సులువైన దారి కనిపెట్టింది. పాప నిద్రలేచి పీక కోసం వెతుక్కుంటుంటే, ‘‘కాకి ఎత్తుకుపోయిందే తల్లీ’’ అంది. మేమూ తలలూపాం.

తెలుగిళ్లలో కాకి మీద ఈ నింద కొత్తది కాదు. చాక్లెట్టు పోయినా కాకే, బొమ్మ దాచినా కాకే. ఎవరికీ నష్టం లేని అబద్ధమనే అనుకున్నాం. కానీ పాప దాన్ని అక్షరాలా నమ్మింది. పిట్టగోడ మీద వాలిన ప్రతి కాకి దగ్గరికీ వెళ్లి, ‘‘కాకీ, నా పీ ఇచ్చెయ్యి’’ అని చెయ్యి చాపేది. మొదటి రోజు నవ్వుకున్నాం. రెండో రోజు డాబా మీద అన్నం తినిపించబోతే ముద్ద ముట్టలేదు. కాకిని చూడగానే అమ్మమ్మ కొంగులో ముఖం దాచుకుంది. రాత్రి కిటికీ మూయమని ఏడ్చింది. పీక తీసుకుపోయింది, రేపు ఇంకేం తీసుకుపోతుందోనని దాని భయం.

మూడో రోజు ఆదివారం. కానుక పట్టే వేళకు సంచిలో చెయ్యి పెట్టి డబ్బు తీస్తుంటే, ఆ నోట్లతో పాటు పీక కూడా జారి చాప మీద పడింది. ఎందుకైనా మంచిదని సంచి అడుగున దాచింది మేమే. పాప దాన్ని తీసుకోలేదు. దాని వంక చూసింది, తర్వాత మా ముఖాల వంక చూసింది. ‘‘కాకి కాదు’’ అంది. అంతే. ఏడవలేదు. ఏడ్చి ఉంటే మాకు ఇంతగా గుర్తుండేది కాదేమో.

ఆ తర్వాతి వారం రోజుల్లో మాకు అర్థమైంది, పోయింది పీక ఒక్కటే కాదని. స్నానానికి వెళ్తూ ‘‘ఇప్పుడే వస్తా’’ అంటే తలుపు దగ్గరే కూర్చునేది. ‘‘అన్నం వేడిగా లేదు, తిను’’ అంటే ముందు మమ్మల్ని తినమనేది. మా మాటకు అప్పటిదాకా ఉన్న విలువ తగ్గింది. పీక తిరిగి ఇచ్చేశాం. ఇచ్చినా మునుపటిలా లేదు. పిడికిట్లో పట్టుకుని నిద్రపోయేది, నిద్రలో కూడా పిడికిలి విడిచేది కాదు.

అసలు ఆ రబ్బరు ముక్కలో ఏముందని అప్పుడు ఆలోచించాం. చీకడం బిడ్డకు మనం నేర్పిన అలవాటు కాదు. గర్భంలో ఉండగానే బొటనవేలు నోట్లో పెట్టుకునే శిశువులు స్కానింగులో కనిపిస్తూనే ఉంటారు. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు ఆస్పత్రుల్లో పీక ఇచ్చి ఊరడించడమూ ఉంది. పసిపిల్లలు నిద్రలోనే హఠాత్తుగా చనిపోయే ముప్పు పీకతో తగ్గుతున్నట్టు తేలడంతో, నిద్రవేళ పీక ఇవ్వవచ్చని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2005లో చెప్పింది. పాలు బాగా అలవాటయ్యాకే ఇవ్వాలన్న షరతు మాత్రం పెట్టింది. తల్లిపాలు తాగే బిడ్డకు పీక ఇవ్వనే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1989లో ప్రకటించిన పది సూత్రాల్లో ఉండేది. 2018లో ఆ మాటను కాస్త సడలించి, దానివల్ల వచ్చే ఇబ్బందులేమిటో తల్లులకు వివరించాలని మార్చారు. ఆరు నెలలు దాటాక చెవిపోటు, చెవిలో చీము వంటివి పీక వాడే పిల్లల్లో ఎక్కువని వైద్యులు చెబుతారు. ఇక మన తేనెపీక సంగతి వేరే చెప్పాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం ప్రమాదం. అరుదుగానే అయినా అందులోని సూక్ష్మజీవి వల్ల ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. ఏడాది దాటిన బిడ్డకు కూడా పీకను తీపిలో ముంచి ఇస్తే పళ్లు పుచ్చిపోతాయి.

పీక ఈనాటిది కాదు. రబ్బరు రాకముందు పిల్లల చేతికి చిన్న బట్ట మూట ఇచ్చేవారు. జర్మనీ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1506లో వేసిన ఒక మరియమ్మ చిత్రం బెర్లిన్ మ్యూజియంలో ఉంది. అందులో బాలయేసు ఒక చేతి మీద చిన్న పిట్ట వాలి ఉంటుంది, మరో చేతిలో అలాంటి బట్ట పీక ఉంటుంది. ఆ చిత్రం గురించి తెలిశాక మా మనసు కాస్త తేలికపడింది. దైవకుమారుణ్ణి చిత్రించేటప్పుడు కూడా పసితనపు ఆ చిన్న ఆసరాను దాచాలని చిత్రకారుడికి అనిపించలేదు.

బైబిల్లో పాలు మాన్పించడం చిన్న విషయం కాదు. ఇస్సాకు పాలు విడిచిన రోజున అబ్రాహాము గొప్ప విందు చేశాడని ఆదికాండము 21వ అధ్యాయం చెబుతుంది. మనం అన్నం ముట్టించే రోజున పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించి నలుగురికి భోజనం పెడతాం గానీ, పాలు మాన్పించేటప్పుడు ఎవరికీ చెప్పం. గుట్టుగా వేపాకు పూస్తాం. హన్నా అలా చేయలేదు. సమూయేలును మందిరానికి ఇచ్చేస్తానని మొక్కుకుంది. అయినా పాలు మానేదాకా అక్కడికి రానని భర్తకు ముందే చెప్పేసింది. ఎల్కానా కూడా నీకు మంచిదనిపించినట్టే చెయ్యమన్నాడు. ఆనాటి తల్లులు మూడేళ్ల దాకా పాలిచ్చేవారని మక్కబీయుల రెండవ గ్రంథంలోని ఒక తల్లి మాటల వల్ల తెలుస్తుంది. సమూయేలు పాలు మానడమంటే హన్నాకు బిడ్డ ఇల్లు విడిచే రోజు దగ్గరపడటమే. ఆ నెలల్లో ఆమె బిడ్డతో ఏం చెప్పి ఉంటుందో గ్రంథంలో లేదు. కాకి కథ మాత్రం చెప్పి ఉండదనుకుంటాం.

మమ్మల్ని ఎక్కువగా ఆపినది మాత్రం 131వ కీర్తన. మూడే వచనాలు. అందులో దావీదు తన ప్రాణాన్ని తల్లి దగ్గరున్న బిడ్డతో పోలుస్తాడు. ఎన్నోసార్లు చదివి, పాలు తాగుతూ నిద్రపోయే పసికందునే ఊహించుకున్నాం. ఆయన చెప్పింది ఆ బిడ్డ గురించి కాదు, పాలు మానిన బిడ్డ గురించి. పాలు తాగే బిడ్డ తల్లి ఒళ్లోకి రాగానే పైట లాగుతుంది, వెతుకుతుంది, దొరక్కపోతే రాగం తీస్తుంది. పాలు మానిన బిడ్డ అదే ఒళ్లో ఊరికే కూర్చుంటుంది. దానికి కావలసింది తల్లి దగ్గరున్నది కాదు, తల్లే. పాలు మాన్పించడానికి హీబ్రూలో వాడిన మాటకు పండటం అనే అర్థం కూడా ఉంది. సంఖ్యాకాండంలో అహరోను కర్రకు బాదం పండ్లు పండాయని చెప్పిన చోట ఉన్నది ఆ మాటే. లాక్కోవడం వేరు, పండటం వేరు. మేము కాకి పేరు చెప్పి లాక్కున్నాం.

ఒక సాయంత్రం పాపను కూర్చోబెట్టుకుని చెప్పాం. పీకను కాకి తీసుకోలేదు, మేమే దాచాం, నీకు అబద్ధం చెప్పాం, తప్పు చేశాం అని. మూడేళ్లు నిండని బిడ్డకు ఇదంతా అర్థమవుతుందా అని మాకే నవ్వొచ్చింది. అర్థమైంది. ‘‘అమ్మమ్మ కూడా’’ అంది. అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి, ‘‘అవునే, నేనే మొదలెట్టా’’ అని ఒప్పుకుంది. పీక వల్ల పళ్లకు ఏమవుతుందో అద్దం ముందు చూపించాం. ఎప్పుడు మానాలో కూడా ముందే చెప్పాం. మొదటి వారం ఇంటి బయట పీక ఉండదు. రెండో వారం నుంచి పగలంతా ఉండదు. రాత్రి మాత్రం చివర్న. మెలకువగా ఉన్న బిడ్డకు ఆట ఉంటుంది, అన్నం ఉంటుంది, వీధిలో కుక్కపిల్ల ఉంటుంది. నిద్ర ముంచుకొచ్చే వేళ చీకటి తప్ప ఏమీ ఉండదు. అందుకే రాత్రి పీకను ఆఖరున తీయాలి.

ఇంటి బయట పీక లేదంటే ఆరాధనలోనూ లేదన్నమాటే. మొదటి ఆదివారం పాటల మధ్య రెండుసార్లు, ప్రసంగం మధ్య ఒకసారి పాపను ఎత్తుకుని చెట్టు కిందికి వెళ్లాల్సి వచ్చింది. తలలు వెనక్కి తిరిగాయి. తిరగనీ అనుకున్నాం. రెండో ఆదివారం ముందు వరుసలోని ఒక పెద్దావిడే లేచి వచ్చి పాపను ఎత్తుకున్నారు.

రాత్రులు కష్టంగానే గడిచాయి. అమ్మమ్మ మెత్తబడిన పాత నేతచీర చింపి ఒక ముక్క ఇచ్చింది. పీక పట్టుకునే పిడికిట్లో ఆ ముక్క పెట్టాం. మొదటి రాత్రి దాన్ని విసిరేసి గంటకు పైగా ఏడ్చింది. పీక ఎక్కడుందో దానికి తెలుసు, అలమరా పై అరలో గాజు సీసాలో కనబడేలానే పెట్టాం. ‘‘ఉందిగా, ఇవ్వండి’’ అన్నట్టు చెయ్యి చూపిస్తుంటే, లేదని చెప్పడం ఎంత సులువుగా ఉండేదో తెలిసింది. ఉంది గానీ ఇవ్వం అని చెప్పి, వీపు నిమురుతూ పక్కన కూర్చోవడం కష్టం. రెండో రాత్రి మాలో ఒకరి మనసు కరిగి సీసా దాకా వెళ్లారు. అమ్మమ్మే ఆపింది. ‘‘ఇప్పుడిస్తే గట్టిగా ఏడిస్తే ఇస్తారని నేర్చుకుంటుంది. ఏడవనివ్వండి, కానీ ఒంటరిగా వదలకండి’’ అంది. మూడో రాత్రి ఏడుపు పావుగంటకు తగ్గింది. నాలుగో రాత్రి చీర ముక్క చెంప కింద పెట్టుకుని, మధ్యలో ఒకసారి లేచి, మేమున్నామో లేదో తడిమి చూసుకుని పడుకుంది.

ఇందులో మాకు సిగ్గు తెచ్చిన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లోనే, పాపకు తోడుగా మేమూ ఏదైనా మానాలని మాలో ఒకరు సాయంత్రం టీ మానేస్తానని ప్రకటించారు. పదకొండో రోజున దొడ్లో నిలబడి పక్కింటివాళ్లు ఇచ్చిన గ్లాసుతో పాపకు దొరికిపోయారు. పాప ఏమీ అనలేదు. వెళ్లి చీర ముక్క తెచ్చి చేతికిచ్చింది.

డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లోని ఫ్రెడరిక్స్‌బెర్గ్ తోటలో ఒక చెట్టుంది. పిల్లలు పీక మానేసిన రోజున అమ్మానాన్నలతో వచ్చి దాన్ని రిబ్బనుతో ఆ చెట్టు కొమ్మకు కట్టిపోతారు. ఎప్పుడైనా చూడాలనిపిస్తే వెళ్లి చూసుకోవచ్చు. ఆ సంగతి మేము తర్వాత ఎప్పుడో చదివాం. మా గాజు సీసా అలాంటిదే అయింది. నెల రోజుల తర్వాత పాప దాన్ని దించమంది. మూత తీసి పీక నోట్లో పెట్టుకుని, రెండుసార్లు చీకి, ముఖం చిట్లించి తీసేసింది. ‘‘వాసనొస్తోంది’’ అని మళ్లీ సీసాలో వేసింది. ముందు పళ్ల మధ్య సందు ఇంకా ఉంది. ఆరు నెలలకోసారి చూపించమన్నారు, చూపిస్తున్నాం.

ఈమధ్య సాయంత్రాలు పాప దేనికోసమో తెలియకుండా వచ్చి ఒళ్లో కూర్చుంటోంది. ఏం కావాలమ్మా అంటే ఏం వద్దంటుంది. కాసేపుండి దిగి వెళ్లిపోతుంది. మొన్న అలాగే కూర్చుని ఉండగా పిట్టగోడ మీద కాకి వాలింది. పాప దాని వంక చూసి, అమ్మమ్మను పిలిచి, కాకికి సారీ చెప్పమంది. అమ్మమ్మ చేతిలోని ముద్ద గోడ మీద పెట్టి, ‘‘నీ తప్పేం లేదమ్మా, మా తప్పే’’ అని కాకితో చెప్పింది. కాకి ముద్ద ఎత్తుకుపోయింది.