మందు తగ్గించుట నిర్లక్ష్యము గాదు



ఆసుపత్రిలో మొన్న మొదలిడిన పెద్దమందును మాన్పి వైద్యుడు నేడు చిన్నమందు వ్రాయగా, మన కోడేరువంటి యూళ్ళనుండి వెంటబోయినవారు "మావానిపై నాశ వదలుకొనిరి కాబోలు" నని దిగులుపడుట నే నెఱుగుదును. ఆ దిగులు తీర్చుటకే యీ మాటలు.

ఆసుపత్రిలో చేరిన రెండుదినముల తరువాత సోకు న్యుమోనియా మిక్కిలి మొండిది. ఆలస్యమైన ప్రాణహాని గాన, క్రిమి యేదో తెలియకమున్నే వైద్యుడు పలుజాతుల క్రిముల నణచు ఆంటిబయాటిక్కుల నిచ్చును.

1884లో గ్రామ్ అను వైద్యుడు బెర్లినులో, న్యుమోనియాచే మృతులైనవారి ఊపిరితిత్తులను బరీక్షించుచు, రంగు వేసి క్రిములను రెండు తెగలుగా గుర్తించు నుపాయము గనిపెట్టెను. అది తెగను దెలుపును గాని పేరు దెలుపదు. పేరునకై కఫమునందలి క్రిములను బెంచి చూడవలెను. అందులకు రెండు మూడు దినములు పట్టును. నేడు తరతరములకు పోలిక నందించు జన్యుపదార్థమును బట్టి కొలది గంటలలోనే పేరు చెప్పు పరీక్షలు వచ్చినవి. పేరు తెలిసిన, తగిన మందొక్కటి చాలును; తొలిమందు పనికిరానిదైన వెంటనే మార్చవచ్చును. ఐతే గొంతులో ఊరక నివసించు క్రిమినిగూడ ఆ పరీక్ష చూపగలదు గాన తీర్పు వైద్యునిదే.

పెద్దమందును అనవసరముగా వాడినకొలది దానికి లొంగని క్రిములే మిగిలి పెరుగును. మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా నున్న లెడర్లీ సంస్థ 1948లో ఆరియోమైసిన్‌ను వెలువరించెను. నేడు ఆ జాతి మందులకు లొంగని క్రిములు పెక్కు గలవు.

కావున కఫ మడిగిన జాగుసేయక యీయుడు. మందు మార్చిన శంకింపక, "క్రిమి పేరు తెలిసినదా?" యని వైద్యుని వినయముగా నడుగుడు.