కుళాయి నీళ్లకు ఆ వాసన ఎందుకు?

హైదరాబాద్‌లో పొద్దున్నే కుళాయి తిప్పితే, ఒక్కోసారి ఈతకొలను వాసన వస్తుంది. అది క్లోరిన్. ముక్కు మూసుకోకండి, అది మన కాపలాదారు!

ముందు ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం. 1908లో మూసీ నది వరద నగరాన్ని ముంచేశాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వరదను ఆపడానికి కట్టిన ఆ చెరువులే ఊరి దాహమూ తీర్చాయి. ఊరు పెరిగింది, అవి చాల్లేదు. మంజీర నది నీళ్లు వచ్చాయి, తర్వాత కృష్ణా, గోదావరి నీళ్లు. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి జలాశయం నుంచి 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వస్తాయి. నగరం ఎత్తున ఉంది కదా, నీళ్లు వాటంతట అవి ఎక్కవు; పంపులే ఎక్కించాలి. అందుకే కరెంటు ఖర్చు తడిసి మోపెడవుతుంది.

శుద్ధి కేంద్రంలో ముందు పటిక కలుపుతారు. అమ్మమ్మలు బిందెలో పటిక తిప్పేవారు కదా, అదే కిటుకు: కంటికి కనబడని మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి అడుక్కి దిగుతాయి. తేరిన నీటిని ఇసుక వడపోస్తుంది. ఆఖరున క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతుంది.

మరి అన్నీ చేశాక కొంత క్లోరిన్ నీళ్లలోనే ఎందుకు మిగల్చడం? అసలు ప్రమాదం దారిలో ఉంది. నీళ్లు రోజంతా రావు. వదలనప్పుడు గొట్టాల్లో ఒత్తిడి పడిపోతుంది. పగులు ఉంటే బయటి మురుగు లోపలికి చొరబడుతుంది. దాన్ని ఎదుర్కోవడానికే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన దేశ ప్రమాణం. మురుగు ఎక్కువైతే అదీ చాలదు.

నీళ్లు రంగు మారినా, మురుగు కంపు కొట్టినా తాగకండి. ఇంట్లో పెద్దలతో నగరానికి నీళ్లిచ్చే జలమండలికి ఫిర్యాదు చేయించండి.