గాయపడిన పెరటి కోడి – పరిచర్యా విధానము

మన పల్లెలలో కోడి లేని ఇల్లు అరుదు. జగిత్యాల జిల్లాలోని కథలాపూర్ మండలమును చూచినను, దానికి ఒకవైపునున్న కోరుట్లను, మరొకవైపునున్న సిరిసిల్లను చూచినను ఈ మాట నిజమే. మక్క, పసుపు, వరి పండించు రైతు ఇంటను, బీడీలు చుట్టు కార్మికురాలి ఇంటను, భర్త గల్ఫు దేశములో ఉండగా సంసారమును ఒంటిచేత్తో నడుపు ఇల్లాలి ఇంటను నాలుగైదు కోళ్లు వాకిట తిరుగుచుండును. సాధారణముగా ఆ కోళ్లు ఇంటి స్త్రీ సొత్తు. గుడ్లమ్మిన పైకమునకు ఆమె ఎవరికిని లెక్క చెప్పనక్కరలేదు. పిల్లవాని నోటుపుస్తకము, జ్వరమునకు మాత్ర, చుట్టము వచ్చిన నాటి కూర – ఇవన్నియు ఆ పెట్ట మీదనే వెళ్లును. 2019 నాటి పశుగణన ప్రకారము మన దేశములోని పెంపుడు పక్షులు సుమారు 85 కోట్లు. వాటిలో దాదాపు 31.7 కోట్లు పెరళ్లలో పెరుగునవే.

ఇట్టి పెట్టను ఒక సాయంకాలము ముంగిసయో, అడవిపిల్లియో, వీధికుక్కయో పట్టును. అరుపులు విని ఇంటివారు పరుగెత్తగా శత్రువు విడిచి పోవును. కోడి మాత్రము నెత్తురుతో మిగులును. అప్పుడు రెండే మార్గాలు తోచును. ఒకటి, ప్రాణము పోకముందే కోసివేయుట. రెండవది, గాయము నిండ పసుపు కూరి, గంప కింద మూసి, బతికితే బతుకునని వదలివేయుట. ఈ రెంటికిని నడుమ మూడవ మార్గమొకటి ఉన్నది. అదియే క్రమముగల పరిచర్య. పట్టువడి విడువబడిన కోళ్లలో అనేకము పంటిగాటు వలన గాక, ఆ తరువాతి భయము, చలి, నీటి కొరత, మురికి, ఈగలు, తోటి కోళ్ల పోట్ల వలన చనిపోవుచున్నవి. వీటిలో ప్రతిదియు మన చేతిలో ఉన్నదే. ఆ సంగతులను విద్యార్థులకు విశదపరచుటయే మా ఉద్దేశము.

శత్రువును బట్టి గాయము

గాయమును చూచుటకు ముందు, పట్టినది ఏదో తెలిసికొనుట మేలు. కుక్క కోడిని నోట కరచి విదిలించును. చర్మము చినుగుటయే గాక లోపలి అవయవాలు నలుగును. పైకి చిన్న గాయమే కనిపించినను లోపల పెద్ద దెబ్బ ఉండవచ్చును. పిల్లి, అడవిపిల్లి మెడను, వీపును పట్టును. వాటి కోరలు సన్ననివి కనుక రంధ్రము చిన్నది, లోతు ఎక్కువ. ముంగిస పగటిపూట వచ్చి తలను, మెడను పట్టును. గద్ద, డేగ వీపు మీద గోళ్లు దించును. వాటికి పిల్లలే ఎక్కువగా బలియగును. పందికొక్కు రాత్రివేళ గూటిలో దూరి పిల్లలను ఎత్తుకొనిపోవును. మక్క చేలు కోతకు వచ్చి పొదలు పలుచబడినప్పుడు ఈ జంతువులు ఊరి అంచుకు చేరుట సహజము.

పిల్లి కాటును చిన్నదని విడువరాదు. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1879, 1880 సంవత్సరాలలో కోళ్ల కలరాను పరిశోధించి, ఆ వ్యాధి క్రిమిని బలహీనపరచి టీకాగా వాడవచ్చునని నిరూపించెను. ఆ క్రిమికి తరువాత ఆయన పేరిటనే పాశ్చురెల్లా అను పేరు వచ్చినది. ఆ జాతి క్రిములే పిల్లుల నోటను, కుక్కల నోటను కూడ సాధారణముగా నివసించును. అందువలన నెత్తురు ఆగిన కోడి ఒకటి రెండు రోజులు బాగుగనే తిరిగి, మూడవ నాడు వాలిపోవుట కద్దు.

పక్షి శరీరములోని విశేషాలు

కోడి చిన్న పశువు కాదు, అది పక్షి. దాని దేహ నిర్మాణము వేరు. దాని ఉష్ణము 41 నుండి 42 డిగ్రీల సెంటీగ్రేడు. మనకు జ్వరమనిపించు వేడి దానికి ఆరోగ్యము. ఒకటిన్నర కిలోల పెట్టలో ఉండు నెత్తురు సుమారు 100 మిల్లీలీటర్లు, అనగా ఒక చిన్న టీ కప్పెడు. కాబట్టి మనకు కొద్దిగా కనిపించు రక్తస్రావము దానికి కొద్ది కాదు.

మనకున్నట్లు ఉదరవితానము కోడికి లేదు. ఎదయెముక ముందునకును వెనుకకును కదలుట వలననే అది శ్వాసించును. భయపడిన కోడిని ఎదమీద గట్టిగా అదిమి పట్టినచో ఊపిరాడక చనిపోవును. ఇక ఊపిరితిత్తులకు తోడు దేహమంతట గాలిసంచులు వ్యాపించి ఉండును. కాటు వాటిని తాకినచో గాలి చర్మము కిందికి చేరి, బుడగవలె ఉబ్బును. మరియొక విశేషమేమనగా, కోడి తన నొప్పిని దాచుకొనును. బలహీనత బయటపడిన పక్షి మొదట వేటాడబడును గనుక, ప్రకృతి దానికి ఈ నటన నేర్పినది. అది నిలబడి గింజ ఏరుచున్నదని గాయము లేదనుకొనుట పొరపాటు.

మొదటి గంట

మొదటి పని మందు కాదు, నిశ్శబ్దము. కోడి మీద పలుచని గుడ్డ కప్పి, రెక్కలు దేహమునకు ఆనునట్లు రెండు చేతులతో మెత్తగా ఎత్తవలెను. నెత్తురు కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలపాటు అదిమి పట్టవలెను. ఆగినదా లేదా అని మాటిమాటికి ఎత్తి చూడరాదు. గోరు విరిగి నెత్తురు వచ్చినచో మెత్తని మక్కపిండి అద్ది ఒత్తినను ఆగును.

తరువాత గాలి ఆడునట్టి అట్టపెట్టెలో గుడ్డ పరచి, చీకటిగా ఉన్న మూల ఉంచవలెను. పిల్లలను, కుక్కను, చూడవచ్చిన వారిని దూరముగా ఉంచవలెను. చలికాలపు రాత్రియైనచో గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టవలెను. వేడి ఎక్కువయైనచో కోడి రెండవ పక్కకు జరుగుటకు చోటుండవలెను. మన ప్రాంతపు ఎండాకాలములో వెచ్చదనముతో పనిలేదు, నీడయే కావలెను. నోరు తెరచి ఆయాసపడు కోడిని వేడిలో ఉంచరాదు.

కోడి తేరుకొని తల నిలిపిన పిమ్మట నీరియ్యవలెను. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపినచో చాలును. విరేచనాలైనప్పుడు మనుషులకిచ్చు ద్రావణమే ఇది. ముక్కు కొనను నీటిలో ముంచినచో అదే త్రాగును. నోరు తెరచి పోయరాదు. కోడి శ్వాసనాళపు రంధ్రము నాలుక మొదటనే ఉన్నందున, పోసిన నీరు ఊపిరితిత్తులకు పోవును.

గాయమును కడుగుట

చుట్టునున్న ఈకలను కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించవలెను, పీకరాదు. అర లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చిన్న చెంచా ఉప్పు కలిపి, సూది తీసివేసిన సిరంజితో గాయముపై ధారగా పోయవలెను. మట్టి, ఈకల తునకలు పోవువరకు కడుగుట ఏ మందుకన్నను మేలు. అయితే, శ్వాసతోపాటు బుడగలు వచ్చు రంధ్రములో మాత్రము నీరు పోయరాదు. అది గాలిసంచి గాయము. శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే వైద్యుని కడకు తీసుకొనిపోవలెను.

కడిగిన పిమ్మట పోవిడోన్ అయొడిన్ మందును నీటిలో పలుచని టీ రంగు వచ్చునట్లు కలిపి అద్దవచ్చును. మనది పసుపు పండు సీమ. చేయి మొదట పసుపు డబ్బా మీదికే పోవును. పైపై గీతలకు, కడిగిన తరువాత, శుభ్రమైన పసుపు రాయుటలో దోషము లేదు. కాని కడుగని లోతు గాయములో పసుపు కూరినచో మురికి లోపలనే ఉండిపోవును, పైన పెచ్చు కట్టి గాయము కనబడకపోవును. కిరసనాయిలు, సున్నము, కారము, ఫినాయిలు, కాఫీపొడి – ఇవి బ్రతికియున్న మాంసమును కాల్చునవో, మురికిని చేర్చునవో గాని మాన్పునవి కావు. మనుషుల నొప్పి మాత్రలను, తిమ్మిరి పుట్టించు లేపనాలను వైద్యుడు చెప్పనిదే వాడరాదు.

ఈగల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. ఈగ పెట్టిన గుడ్లు ఒక్క రోజులోపలనే పురుగులగును. కోడిని దోమతెర కింద ఉంచి, గాయమును ఉదయము, సాయంత్రము పరీక్షించవలెను. గాయము చుట్టును, లోపల గాక, వేపనూనె పలుచగా రాసినచో ఈగలు దూరమగును.

తరువాతి దినాలు

గాయపడిన కోడిని వెంటనే గుంపులో విడువరాదు. ఎర్రనిదానిని పొడుచుట కోళ్ల స్వభావము. అదియు గాక, కోళ్ల గుంపులో ఎవరు ఎవరిని పొడువవలెనో ఒక వరుస ఉండునని నార్వే దేశపు శాస్త్రజ్ఞుడు షెల్డెరుప్-ఎబ్బె 1920వ దశాబ్దపు ఆరంభములో వివరించెను. బలహీనపడి, కొన్నాళ్లు కనబడని కోడి ఆ వరుసలో తన స్థానము పోగొట్టుకొనును. కనుక వేరుగానే ఉంచినను, తోటి కోళ్లు కనిపించునట్లు, జాలి అడ్డముగా ఉంచుట మేలు. పూర్తిగా మానిన పిమ్మట, అన్నియు గూటికెక్కిన చీకటివేళ వాటి నడుమ కూర్చుండబెట్టినచో మరునాటి కలహము తగ్గును.

ఆహారముగా నానిన నూకలు, ఉడికిన గుడ్డు, తరిగిన ఆకుకూర ఇయ్యవచ్చును. రెట్టను గమనించవలెను, కేవలము పచ్చని పలుచని రెట్ట పడినచో కోడి తినుట లేదని గ్రహింపవలెను. గాయము తడిగా, లేత ఎరుపుగా పూడుచు వచ్చుట శుభలక్షణము. దుర్వాసన, నలుపు, గట్టి పసుపుపచ్చ ముద్దలు చెడు లక్షణాలు. కోడి చీము మనుషుల చీమువలె కారదు, జున్నువలె గట్టిపడును. అందువలన చీము లేదని మోసపోవుదుము. ఈ కాలములో గుడ్లు ఆగిపోవుట సహజము. మొదలంటా ఊడిన ఈకలు కొన్ని వారాలలో తిరిగి వచ్చును. నడుమ విరిగినవి మాత్రము ఈకలు రాల్చు కాలము వరకు ఆగవలెను.

పొదుగుచున్న పెట్టయే గాయపడినచో గుడ్లను చల్లారనీయక మరియొక పొదుగుడు పెట్ట కింద చేర్చవలెను. 21 దినాల పొదుగులో ఒక రాత్రి చలియే పిల్లలన్నింటిని పోగొట్టవచ్చును.

వైద్యుడు, కత్తి

పేగు బయటపడినను, ఎముక విరిగినను, ఊపిరి బుడగలు వచ్చినను, పిల్లి కాటు లోతుగా దిగినను ఇంటి వైద్యముతో కాలము గడపరాదు. మన అదృష్టము కొలది కోరుట్లలోనే పశువైద్య కళాశాల ఉన్నది. తెలంగాణలో సంచార పశువైద్య వాహనాలు 1962 అను ఫోను నంబరుతో 2017లో ప్రారంభమైనవి. వైద్యుడు సూక్ష్మజీవి నాశక మందు ఇచ్చినచో, ఎన్ని దినాలు ఆ కోడి గుడ్లను, మాంసమును తినరాదో తప్పక అడిగి తెలిసికొనవలెను. దుకాణములో తోచిన మందు కొని వేయుట ప్రమాదకరము. మనుషులకు చివరి ఆయుధమైన కొలిస్టిన్ అను మందును ఆహారపు జంతువులకు వాడరాదని మన ప్రభుత్వము 2019లో నిషేధించినది ఇందుకే.

మన ఇండ్లలో మరియొక తొందర ఉన్నది. మృగము పట్టిన కోడి తనంతట చనిపోయినచో తినరాదు గనుక, ప్రాణముండగనే జబహ్ చేయవలెనని పెద్దలు త్వరపడుదురు. బాధ తీరని కోడి విషయములో అది దయయే. కాని కన్ను తేటగా ఉండి, కాళ్ల మీద నిలిచి, నీరు త్రాగు కోడికి ఒక గంట గడువిచ్చి చూచుట న్యాయము. మందు వేసిన కోడిని గడువు తీరక మునుపు కోయరాదు.

కోడిని విడిపించినవారు తమ చేతులను మరువరాదు. కుక్కయో, ముంగిసయో తమను కరచినను, గోరు తగిలినను సబ్బుతోను, ధారగా పడు నీటితోను పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి వెర్రికుక్క వ్యాధి టీకా గురించి అడుగవలెను.

మరల రాకుండ

ఒకసారి రుచి మరగిన జంతువు మరునాడు అదే వేళకు వచ్చును. విషము పెట్టుట పరిష్కారము కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ముంగిసకును, అడవిపిల్లికిని రక్షణ ఇచ్చినది. అదిగాక అవి చేలలోని ఎలుకలను తిను మేలుచేయు జీవులు. గూటికి సన్నకండ్ల ఇనుప జాలి, నేల లోనికి దిగిన రాతి అంచు, పొద్దు వాలకముందే మూయు తలుపు – ఈ మూడును చాలును. హైదరాబాదు రాజేంద్రనగరులో 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ అను జాతులను రూపొందించినది. పొడవైన కాళ్లు, రంగురంగుల ఈకలు గల ఈ కోళ్లు శత్రువును తప్పించుకొనుటకు కొంత అనువైనవి. అయినను తలుపు మూయని గూటిని ఏ జాతియు కాపాడలేదు.

విద్యార్థులారా! మీ ఇంటి గూట్లో ఒక చిన్న డబ్బా ఉంచుడు. అందులో కత్తెర, సూది లేని సిరంజి, పోవిడోన్ అయొడిన్ సీసా, ఉతికి ఆరవేసిన గుడ్డలు నాలుగు, కొద్ది చక్కెర, ఉప్పు – ఇవి చాలును. శ్వాసకోశమును గురించి, రక్తప్రసరణను గురించి మీరు తరగతిలో చదివిన పాఠము మీ అమ్మ కోడిపెట్టకు ఒకనాడు అక్కరకు రావచ్చును. ఆమెకు ఆ పెట్ట విలువ తెలియును. దానిని నిలుపు ఉపాయమును మీరు నేర్పుడు.