బిళ్ల ఊడిన సైకిల్

సైకిల్ ఫ్రేమును తయారుచేసిన కంపెనీ గుర్తు సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది: హ్యాండిల్ కింద ఉండే ముందరి పొట్టి గొట్టానికి రివెట్లతో బిగించిన లోహపు బిళ్లమీద, పొడవాటి గొట్టాలపై అద్దిన రంగుల అక్షరాలలో, సీటు కిందనో పెడళ్ల దగ్గరనో ఉక్కులోకి గుద్దిన అంకెలలో. చెన్నూరు వంటి గోదావరి ఒడ్డు ఊళ్లలో పాలక్యాన్లు, కల్లు కుండలు, గడ్డిమోపులు మోసి, నాలుగు చేతులు మారి, రెండుసార్లు కొత్త రంగు వేయించుకున్న పాత సైకిల్‌కు వీటిలో మొదటి రెండూ మిగలవు. కానీ వాటిని పోగొట్టుకున్న ఫ్రేము మూగది కాదు. పైగా బిళ్లను ఒక సైకిల్ నుంచి ఊడబీకి మరొకదానికి బిగించడం క్షణాల పని గనుక, తయారీదారు విషయంలో బిళ్ల చెప్పే సాక్ష్యం కన్నా గొట్టాలు కలిసే కీళ్లు చెప్పే సాక్ష్యమే గట్టిది.

ఆ సాక్ష్యాన్ని చదవడంలో ఉన్న చిక్కు, సైకిళ్లన్నీ దాదాపు ఒకే ఆకారంలో ఉండటం. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిల్, దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రాన్ని తిప్పే చైను అనే ఏర్పాటును స్థిరపరచింది. కొద్ది ఏళ్లలోనే ఫ్రేము, పక్కపక్కనే పేర్చిన రెండు త్రిభుజాల రూపానికి వచ్చి అక్కడే ఆగింది. త్రిభుజం భుజాల పొడవు మారకుండా దాని ఆకారం మారదు కాబట్టి, తక్కువ ఉక్కుతో ఎక్కువ బరువు మోయడానికి అంతకన్నా మంచి అమరిక దొరకలేదు. 1920ల చివర కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయ్యాక చెన్నూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని మంచిర్యాల పెద్ద రైలుదారి మీదికి వచ్చింది. ఆ దారిన దిగగలిగిన విదేశీ సైకిలైనా, తరువాతి కాలపు దేశీయ సైకిలైనా, పది అడుగుల దూరం నుంచి చూసేవారికి ఒకటే.

తేడా దగ్గరికి వెళితే గానీ తెలియదు. గొట్టాలు కలిసే చోట వాటిపై తొడిగే ఉక్కు తొడుగును లగ్గు అంటారు; గొట్టానికీ లగ్గుకూ మధ్య వెంట్రుకంత సందులోకి సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించిన ఇత్తడిని పారించి అతికే పద్ధతి బ్రేజింగు. ఉక్కు కరగడానికి అంతకన్నా ఎన్నో వందల డిగ్రీలు ఎక్కువ కావాలి కాబట్టి ఇందులో గొట్టం కరగదు, ఇత్తడి మాత్రమే దీపపువత్తిలోకి నూనె ఎక్కినట్టు సందులోకి ఎక్కుతుంది. లగ్గు అంచును ఏ వంపులో కత్తిరించారు, వెనుక చక్రానికి వెళ్లే సన్నగొట్టాల పైకొసలను సీటు లగ్గుకు అతికారా లేక చదునుచేసి బోల్టుతో బిగించారా, ముందరి ఫోర్కు భుజం చదునైనదా గుండ్రనిదా అన్నవి ఒక్కో కర్మాగారపు అచ్చులను బట్టి మారేవి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన చాలా ర్యాలీ సైకిళ్లలో ఫోర్కు భుజం గొట్టపు ఆకారంలో ఉండి, దాని రెండు కొసలకూ మెరిసే టోపీలు ఉండేవి. బిళ్లమీది ర్యాలీ గుర్తైన కొంగ ఎగిరిపోయినా ఆ టోపీలు పట్టిస్తాయి.

అయితే ఫోర్కును మార్చగలరు, చైను తిప్పే పళ్లచక్రాన్నీ మార్చగలరు. మార్చలేనిది పెడళ్ల ఇరుసు తిరిగే అడ్డగొట్టం. దుకాణాలలో దీన్ని బీబీ షెల్ అంటారు. దానికి రెండు వైపులా బిగించే కప్పుల కోసం లోపల కోసిన మరచుట్లు ఫ్రేము పుట్టిన సంప్రదాయాన్ని తెలుపుతాయి. సాధారణ ఇంగ్లీషు కొలతలో వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. ఇటలీ కొలతలో 36 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు. పాత ఫ్రెంచి కొలతలో 35 మిల్లీమీటర్లు, మిల్లీమీటరుకు ఒక చుట్టు. నాటింగ్‌హామ్ ర్యాలీ మాత్రం చాలాకాలం అంగుళానికి 26 చుట్లు పెట్టుకుంది. 24కూ 26కూ మధ్య ఒక్కో చుట్టుకు వచ్చే తేడా మిల్లీమీటరులో పన్నెండో వంతు కూడా ఉండదు గనుక కన్ను మోసపోతుంది, కానీ తెలిసిన కప్పును బిగించబోతే అది ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. అక్కడ పానాతో బలవంతం చేయడం, మార్చలేని సాక్షి నోరు నొక్కడమే.

ఇంగ్లీషు సంప్రదాయంలో చైను వైపు కప్పుకు ఎదురుమర ఉంటుంది. ఒక గాజు లోపల పెన్సిల్ పెట్టి, అంచుకు నొక్కుతూ సవ్యదిశలో దొర్లిస్తే పెన్సిల్ మాత్రం అపసవ్యంగా తిరుగుతుంది; తిరిగే ఒత్తిడి కింద ఉన్న మరభాగం కూడా ఇలాగే కొద్దికొద్దిగా ఎదురుదిశకు జరిగి, మామూలు మర అయితే ఊడిపోజూస్తుంది. ఎడమ పెడల్‌కు ఎదురుమర ఉండటానికీ కారణం ఇదే. ఇటలీ, పాత ఫ్రెంచి ఫ్రేములలో రెండు కప్పులకూ మామూలు మరే.

సీటు కడ్డీ మందం మరో ఆధారం. బయటి వ్యాసం 28.6 మిల్లీమీటర్లున్న గొట్టంలో 25.4 మిల్లీమీటర్ల కడ్డీ సరిపోతే గొట్టం గోడ మందం 1.6 మిల్లీమీటర్లన్నమాట, అంటే బరువులకు చేసిన సాధారణ ఉక్కు. అదే గొట్టంలో 27.2 మిల్లీమీటర్ల కడ్డీ దిగితే గోడ 0.7 మాత్రమే, అది ఖరీదైన మిశ్రమ ఉక్కు కావచ్చు, చెన్నూరు బజారులో తారసపడటం అరుదు.

గుద్దిన అంకెలను ఆకురాయితో అరగదీసినా, వాటి కింద నొక్కుడుకు గురైన ఉక్కు స్వభావం మారి ఉంటుంది కాబట్టి, క్యూప్రిక్ క్లోరైడునూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్నీ కలిపిన ద్రావణం ఆ చోటును చుట్టుపక్కల ఉక్కుకన్నా వేరుగా తిని, అంకెల నీడను తేలుస్తుంది. ఇది నేరపరిశోధన శాలల పద్ధతి, ఇంటి పెరట్లో చేయదగినది కాదు. అంకెలు తుడిచిన ఫ్రేము కనబడితే తయారీదారు కన్నా ముందు యజమాని ఎవరని అడగడం మేలు.

స్వాతంత్ర్యం తరువాత ఈ పరిశోధన మరింత కష్టమైంది. మద్రాసు దగ్గరి అంబత్తూరులో టీఐ సైకిల్స్ హెర్క్యులిస్‌నూ, అసన్‌సోల్‌లో సేన్–ర్యాలీ సంస్థ ర్యాలీనీ ఇంగ్లీషు భాగస్వామ్యంతో తయారుచేశాయి. సోనీపత్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో మొదలయ్యాయి. ఫ్రేములకు ఐఎస్ 623 అనే భారతీయ ప్రమాణం వచ్చింది. ఏ సైకిల్ భాగమైనా ఏ ఊళ్లోనైనా సరిపోవాలన్న ఆ ఉద్దేశం వాడేవారికి వరం, ఆనవాళ్లు వెతికేవారికి శాపం. లూధియానాలోని చిన్న కార్ఖానాల నుంచి వచ్చే భాగాలు వేర్వేరు పేర్ల కింద అమ్ముడవుతాయి గనుక, ఒకే అచ్చులో పోసిన లగ్గు రెండు బిళ్లల కింద కనిపించవచ్చు. దానికి తోడు, బరువుకు చిట్లిన కీలును స్థానిక వెల్డింగు దుకాణంలో ఇనుప పట్టీ వేసి అతికించినప్పుడు అసలు లగ్గు అంచు కరిగిపోతుంది. గీరి చూస్తే ఇత్తడి పసుపు బయటపడే కీళ్లు కర్మాగారానివి, బూడిదరంగు ముద్దలున్నవి సాధారణంగా మరమ్మతువి.

ఇన్ని పరీక్షల తరువాత కూడా అటువంటి ఫ్రేము గురించి నిజాయితీగా రాయగలిగేది తరచు ఇంతే: సీటు గొట్టం 24 అంగుళాలు, ఇంగ్లీషు కొలత మరలు, వెనుక బోల్టు కీళ్లు, దేశీయ తయారీ, ముందరి గొట్టం మీద నిలువుగా రెండు రివెట్ల రంధ్రాలు.