కంచె తెగితే దేవాంగపిల్లి దారి తెగినట్టే

కోతులకు దూరపు చుట్టం ఒకటి రాత్రిపూట పొలాల కంచెల్లో బతుకుతుందంటే అనంతపురంలో చాలామంది నమ్మరు. దాని పేరు దేవాంగపిల్లి. పేరులో పిల్లి ఉన్నా అది పిల్లి కాదు. మనిషి, కోతి, కొండముచ్చు చేరిన ప్రైమేట్ల వర్గమే దానిదీ. మడగాస్కర్ లెమూర్లకు అది దగ్గరి బంధువు.

మనకు తూర్పున శేషాచలం కొండల్లో, చిత్తూరు జిల్లా కౌండిన్య అడవిలో దేవాంగపిల్లి ఉంది. మడకశిర దాటితే వచ్చే తుమకూరు జిల్లాలో నాగవల్లి అనే ఊరు దీనివల్లే పేరుపడింది. కన్నడిగులు దీన్ని ముద్దుగా కాడుపాప అంటారు. ఈ తావుల నడుమ ఉన్నది, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే మన కరువు నేల. దేవాంగపిల్లికి మహావృక్షాలేమీ అక్కర్లేదు. తుమ్మ, రేగు లాంటి ముళ్లచెట్లు దట్టంగా అల్లుకుంటే చాలు. పగలంతా ఆ ముళ్ల మధ్య ఉండలా ముడుచుకుని నిద్రపోతుంది. చీకటి పడ్డాక చీమలు, పురుగులు ఏరుకు తింటుంది.

చూడాలంటే పొద్దుగూకాక కంచె వెంట నిదానంగా నడవాలి. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోవాలి, తెల్లని వెలుగు దాని కళ్లకు బాధ. ఆ కళ్ల వెనుక అద్దంలాంటి పొర ఉంటుంది కాబట్టి కొమ్మల్లో రెండు నిప్పుకణాలు పక్కపక్కనే వెలుగుతాయి. అక్కడే నిలబడి చూస్తే పావుకిలో అటూ ఇటూ తూగే ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ తెలుస్తాయి. తోక ఉండదు.

అది నడిచే తీరు చూస్తే దాని కష్టం అర్థమవుతుంది. దేవాంగపిల్లి కోతిలా దూకలేదు. కొమ్మ చివర వెనక కాళ్లతో గట్టిగా పట్టుకుని, ఒళ్లంతా ముందుకు సాచి, అవతలి రెమ్మను చేతులతో అందుకుంటుంది. అది దొరికాకే వెనక పట్టు వదులుతుంది. అందకపోతే వెనుదిరగాలి, లేదా నేల మీదికి దిగాలి. నేల మీద కుక్కలుంటాయి, రోడ్డు మీద బండ్లుంటాయి. ముళ్లకంచె కొట్టేసి రాతికూసాలు పాతి తీగ లాగినప్పుడు మనకు పోయేది నాలుగు కంపచెట్లే. దానికి పోయేది దారి.

మంత్రాలకు, మందులకు పనికొస్తుందని దీన్ని పట్టి చంపే మూఢనమ్మకం మరో ముప్పు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి ఇది. వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు.

జీవజాతులకున్న ముప్పును లెక్కగట్టే ప్రపంచ ఎర్ర జాబితాలో ఇది ఇంకా అత్యంత ప్రమాదంలో ఉన్న వరుసకు చేరలేదు, ముప్పు అంచున ఉంది. దాని బంధువులైన లెమూర్లలో 33 జాతులు ఆ ఆఖరి వరుసలో ఉన్నాయని 2020లో తేల్చారు. అంతదాకా రానివ్వకూడదనే తమిళనాడు 2022లో దిండిగల్, కరూర్ జిల్లాల్లో దేవాంగపిల్లికి దేశంలోనే తొలి అభయారణ్యం ప్రకటించింది.

మనం చేయవలసింది అంతకంటే చిన్నది. ఈసారి కంచె బాగుచేసేటప్పుడు పాత ముళ్లచెట్లను వేళ్లతో పెకలించకండి. బాటకు అటూ ఇటూ ఉన్న కొమ్మలు పైన కలుస్తుంటే వాటిని కలవనివ్వండి. రాత్రి ఆ కొమ్మ మీదుగానే ఒక తల్లి, పొట్టకు కరుచుకున్న పిల్లతో, అవతలి చేనికి దాటుతుంది.