మాలెట్ వేలు

మాలెట్ వేలు అనగా చేతివేలి కొసను నిటారుగా నిలిపే స్నాయువు తెగడం వలన గాని, అది అంటుకొని ఉన్న చోట ఎముక విరగడం వలన గాని వేలి కొస కిందికి వాలిపోవడం. క్రికెట్, వాలీబాల్, బాస్కెట్‌బాల్ వంటి ఆటలాడే యువతలో ఈ గాయం తరచుగా కనిపిస్తుంది. బేస్‌బాల్ ఆడే దేశాలలో దీనిని బేస్‌బాల్ వేలు అని కూడా పిలుస్తారు.

కారణాలు

చాచిన వేలి కొసకు బంతి వేగంగా తగిలినపుడు చివరి కీలు హఠాత్తుగా వంగుతుంది. ఆ తాకిడికి వేలి వెనుక ఉన్న పలుచని స్నాయువు తెగుతుంది. ఎదిగే వయసువారిలో ఎముక పెరుగుదలకు ఆధారమైన మృదులాస్థి పలక స్నాయువు కంటే బలహీనమైనది. అందుచేత వీరిలో ఆ పలక వద్ద ఎముక విరిగే అవకాశం ఉంది.

లక్షణాలు, నిర్ధారణ

వాలిన కొసను రెండవ చేతితో లేపితే లేస్తుంది, వదలగానే మళ్ళీ వాలిపోతుంది. ఒక్కొక్కసారి నొప్పి స్వల్పంగా ఉండటం వలన దీనిని బెణుకుగా పొరబడతారు. వైద్యుడు వేలి మధ్యభాగాన్ని కదలకుండా పట్టుకొని, కొసను చాచమని అడిగి పరీక్షిస్తాడు. ఎముక విరిగినదీ లేనిదీ తెలుసుకొనుటకు పక్క నుండి ఎక్స్-రే తీయడం అవసరం.

గోరు మొదట రక్తం కారినా, గోరు మూలం నుండి పైకి లేచినా అది సెమూర్ విరుపు కావచ్చును. ఇందులో గోటి కింది కణజాలం విరిగిన చోట ఇరుక్కుంటుంది. సకాలంలో చికిత్స జరగకపోతే ఎముకకు చీము పట్టవచ్చు, దాని ఎదుగుదల ఆగిపోవచ్చు. కనుక అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రథమ చికిత్స

వేలిని లాగడం, మర్దన చేయడం పనికిరావు. వాపు రాకముందే ఉంగరం తీసివేయాలి. మంచుగడ్డను గుడ్డలో చుట్టి 10 నుండి 15 నిమిషాలు అద్దవచ్చు. వేలిని కదలకుండా ఉంచి వైద్యుని సంప్రదించాలి.

చికిత్స

చాలామందికి శస్త్రచికిత్స అవసరం ఉండదు. చివరి కీలును నిటారుగా ఉంచే స్ప్లింట్ అనే బద్దను సాధారణంగా 6 నుండి 8 వారాలు రేయింబవళ్ళు ధరించాలి. మధ్య కీలు మాత్రం స్వేచ్ఛగా కదులుతుండాలి. స్ప్లింట్‌ను శుభ్రపరిచేటపుడు వేలిని బల్లపై చాచి ఉంచాలి. ఆట కోసమో, స్నానం కోసమో తీసినపుడు కొస ఒక్కసారి వంగినా, అతుకుతున్న స్నాయువు విడిపోవచ్చు. అప్పుడు వారాల లెక్క మొదటి నుండి ప్రారంభించాలి. విరిగిన ముక్క పెద్దదైనా, కీలు పక్కకు తొలగినా శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

చికిత్స చేయించని వేలు శాశ్వతంగా వాలి ఉండవచ్చు. కొందరిలో మధ్య కీలు వెనుకకు వంగి, వేలు హంస మెడ ఆకారం పొందుతుంది. గాయమై కొన్ని వారాలు గడిచినప్పటికీ స్ప్లింట్ వలన ప్రయోజనం ఉండవచ్చును.