చదరంగపు గడులలోని సంఖ్య

చదరంగమును కనిపెట్టిన పండితుడు రాజునొద్ద ధాన్యము బహుమానముగా కోరిన కథ మీరు వినియే యుందురు. మొదటి గడికి ఒక గోధుమగింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు. ఇట్లు అరువదినాలుగు గడులకును రెట్టింపగుచు పోవలెను. ఈ కథను 13వ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ వ్రాసెను. అంతకు చాల పూర్వమే, సుమారు 1000వ సంవత్సరమున, అల్‌బీరూనీ ఆ మొత్తమును లెక్కగట్టి యుంచెను. అది 1,84,46,74,40,73,70,95,51,615.

మనకు పరిచితములగు వడ్లతోనే తూచి చూతము. గ్రాముకు నలుబది గింజల చొప్పున 46 వేల కోట్ల టన్నులగును. నేడు ప్రపంచమంతటను ఏటేట పండు వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. ఆ రాజు ఋణము తీరుటకు భూలోకమంతయు ఐదువందల యేండ్లకు పైగా పస్తుండవలెను! చక్రవడ్డి నెరిగిన పెద్దలకు ఇందులో వింత యుండదనుకొందును.

నాకు అబ్బురము గొలుపునది ఆ సంఖ్య పరిమాణము కాదు, దాని లోపలి కట్టుబాటు. రెండు గడులలో కలిసి మూడు గింజలు, మూడింటిలో ఏడు, నాలుగింటిలో పదునైదు. ఎన్ని గడులు కూడినను మొత్తము తరువాతి గడికి ఒక్క గింజ తక్కువ. కావున మన సంఖ్యకు ఒకటి చేర్చినచో, లేని అరువదియైదవ గడి సంఖ్య వచ్చును. అది ముప్పదిమూడవ గడి సంఖ్యకు వర్గము. వర్గములోనుండి ఒకటి తీసివేసినచో, మూలమునకు ఒకటి తక్కువయు ఒకటి యెక్కువయు నగు సంఖ్యల లబ్ధము మిగులును. పదింటి వర్గము నూరు. ఒకటి తీయగా తొంబదితొమ్మిది. అది తొమ్మిది పదునొకండ్లు. అట్లే మన సంఖ్యయు 4,29,49,67,295, 4,29,49,67,297 అను రెంటి లబ్ధము.

మొదటిది సగము పలకలోని గింజలు. దానిని మరల మరల ఇట్లే విడదీయగా 3, 5, 17, 257, 65,537 వచ్చును. ఇవి యైదును ప్రధాన సంఖ్యలు. అనగా ఒకటియు, తామును తప్ప మరి యే సంఖ్యయు నిశ్శేషముగా భాగింపనివి. ఫ్రాన్సు దేశపు ఫెర్మా 1640లో వీనిని చూచి, వరుసలో తరువాతిదగు 4,29,49,67,297 కూడ ప్రధానమే యనియు, ఆ పైవియు నట్లే యనియు నమ్మెను. అంతటి గణకుని మాట గనుక తొంబది యేండ్లు నిలిచినది. 1732లో ఆయిలర్ దానిని 641 నిశ్శేషముగా భాగించునని చూపెను, భాగలబ్ధము 67,00,417. సందేహమున్నవారు గుణించి చూచుకొనవచ్చును. ఆ సంఖ్యను భాగించు ప్రధాన సంఖ్య యేదైనను 64చే భాగింపగా ఒకటి శేషింపవలెనని ఆయన పిదప నిరూపించెను. అట్టివానిలో 193, 257, 449, 577 దానిని భాగింపవు, ఐదవది 641.

1796లో, పదునెనిమిదేండ్ల వయసున, గౌస్ 17 సమభుజముల ఆకృతిని వృత్తలేఖినితోను రూళ్లకర్రతోను గీయవచ్చునని కనుగొనెను. ఆ విద్యకు మూలము పై యైదు సంఖ్యలే. సగము పలకలో గింజలెన్నియో అన్ని భుజముల ఆకృతిని గూడ, ఓపిక యున్నచో, గీయవచ్చును. బేసి సంఖ్యలలో అంతకంటె పెద్దది నేటివరకును తెలియదు. ఏలయన 65,537 తరువాత ఆ వరుసలో ప్రధాన సంఖ్య మరియొకటి ఎవరికిని దొరకలేదు. ఉండజాలదనియు ఎవరును నిరూపింపలేదు.